అమావాస్య గీత

"దాన్ని బడికి పంపేది లేదంటే లేదు. ఇంగ ఆ మాట ఎత్తద్దు," అన్నాడు ఆంజనప్ప, మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండానే.

ఎత్తింది ఎవరని? రత్నమ్మ నోరే తెరవలేదు. పొద్దున లేచినప్పటి నుంచి నీళ్లు తోడింది, పొయ్యి ముట్టించింది, సంగటి కెలికింది, అత్తగారికి కాళ్లు కాపుకోవడానికి ఉడుకునీళ్లు పెట్టింది. మాట మాత్రం ఒక్కటీ ఆడలేదు. ఊరికే వచ్చి గడపలో నిలబడింది. ఆ నిలబడడమే ఆయనకు ఏదో అడిగినట్టు వినిపించింది.

మగ్గానికి కుడిపక్కన ఈశ్వరి కూర్చుని ఉంది. పదకొండేళ్ల పిల్ల. నాయన నడుమ బట్ట నేస్తుంటే, అంచు పోగులు ఎత్తి, వాటి సందులోంచి జరీ కండె పెట్టిన నాడె తోయడం ఆమె పని. బడి లేని పూట ఆ పని ఎప్పుడూ చేసేదే. ఇవాళ బడి ఉన్న పూట కూడా చేస్తోంది. పలక సంచి గోడ మేకుకు వేలాడుతోంది. దాని వైపు పిల్ల చూడడం లేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో రత్నమ్మకు కనిపిస్తూనే ఉంది.

"రేపు పరీక్ష," అంది రత్నమ్మ చివరికి. ఇక నిలబడే ఓపిక లేక అన్నట్టు అంది.

"ఉంటే ఉండనీ."

"దానికి కూకోకపోతే హైస్కూలు లేదంట."

"హైస్కూలుకు పోయి ఏం చేస్తాది? ఆడ నుంచి వచ్చి ఇంకో సావుకారును తరిమేస్తాదా?"

మూలన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న అత్తగారు కుళ్ళాయమ్మ ఈ మాటకు తృప్తిగా దగ్గింది. "చదువు తలకెక్కని పిల్లకు నోరెక్కింది," అంది, రాట్నంతో చెబుతున్నట్టు. ముసలావిడ ఏ మాటైనా రాట్నంతోనే చెబుతుంది. వినవలసినవాళ్లకు వినిపిస్తుంది.

నిన్న మధ్యాహ్నం హిందూపురం నుంచి సావుకారు చెన్నప్ప వచ్చి, తన ఇంటి పెళ్లికూతురి కోసం చెప్పి నేయించుకున్న చీరను వెలుతురులో పరిచి చూపించుకున్నాడు. అరటాకు రంగు నడుమ బట్ట, వంగపండు రంగు అంచు, అంచు పొడుగునా జరీ రుద్రాక్షల వరస. చూసి మురిసిపోయాడు. ఆ మురిపెంలో పక్కన నిలబడ్డ పిల్లను పలకరించాడు, "ఏమ్మా, ఎట్లుండాది మీ నాయన చీర?" అని.

"బాగుండాది తాతా," అంటూ పిల్ల వంగి, చీర మీద వేలు పెట్టింది. "ఈడ మాత్రం రుద్రాక్షకు ఒక పోగు పడలేదు."

ఆ మాట అనకపోతే ఆ తప్పు ఎవరి కంటికీ ఆనేది కాదు. అన్నాక ఇక వేరేదేమీ కనిపించలేదు. చెన్నప్ప కళ్లజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "దుడ్లు పోతే పోనీ అనుకోవచ్చప్పా. పెండ్లికూతురికి ఇరిగిన రుద్రాక్ష ఎట్ల కట్టబెడతాం? తెలీకపోతే వేరే మాట. ఇప్పుడు తెలిసిపోయింది గదా," అని లేచాడు. మజ్జిగ ఇచ్చినా తాగలేదు. గడప దాటుతూ, తన తమ్ముడి కూతురి పెళ్లిచీర ఇక వేరే మగ్గానికి చెబుతానని కూడా అన్నాడు.

చీరను ఆంజనప్పే మడిచాడు. చెక్కపెట్టెలో పెట్టి మూత వేశాడు. అంచు పని పిల్లదే కాబట్టి తప్పూ పిల్లదేననుకున్నాడు, పోగు తప్పిన చోటు ఏదని మళ్లీ విప్పి చూడనైనా లేదు. బిడ్డను కొట్టలేదు. కొట్టి ఉంటే రత్నమ్మకు అడ్డం పోవడానికైనా వీలుండేది.

ఇవాళ సాయంత్రం బడి వదిలాక నారాయణస్వామి అయివారు వచ్చాడు.

మనిషి సన్నగా, గొడుగు కంటే కొంచెం లావుగా ఉంటాడు. పొద్దున పెనుకొండలో బస్సెక్కి వస్తాడు, సాయంత్రం బస్సెక్కి పోతాడు. చొక్కా జేబు ఎప్పుడూ సుద్ద పొడితో తెల్లగా ఉంటుంది. ఆ వీధిలో ఆయనకు మంచి పేరేమీ లేదు. పిల్లలు చేసిన తప్పు లెక్కను తీసి బోర్డు మీద రాస్తాడు. ఎవరిదో చెప్పడు. "ఇది యాడ దారి తప్పిందో చూడండి" అని చేతులు కట్టుకుని నిలబడతాడు. ఒకసారి బడి కిటికీ పక్కగా పోతున్న ఆ వీధి సుంకన్న తల లోపలికి పెట్టి చూస్తే, బోర్డు నిండా తప్పు లెక్క, దాని ముందు పళ్లికిలిస్తూ అయివారు. సుంకన్న ఊరుకునే మనిషా? పొద్దు గుంకేలోగా, కొత్త అయివారికి కూడికలు కూడా రావని వీధంతా తెలిసిపోయింది.

"కూకోండి," అన్నాడు ఆంజనప్ప. గుంతలోంచి పైకి రాలేదు. అదే మర్యాద అనుకోవాలి.

అయివారు చాప మీద కూర్చుని గొడుగు పక్కన పెట్టుకున్నాడు. మగ్గం చప్పుడుకు చప్పుడుకు మధ్య ఏదైనా అందామని ఆయన రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు.

"పిల్ల ఈ దినం రాలేదు," అన్నాడు చివరికి.

"రాదు."

"రేపటి పరీక్ష..."

"దానికి చదువు రాదు సార్. నేను చెప్పేది గాదు. మీకు ముందర ఉన్న అయివారే చెప్పినాడు, ఇది మొద్దు, మగ్గం కాడ కూకోబెట్టుకో అని. మూడో తరగతిలో రెండేండ్లు కూకున్నాది. అప్పుడే మాన్పించింటే ఈ పొద్దు ఈ గతి లేదు."

"భాగహారం రాదనే గదా కూకోబెట్టింది?" అయివారి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఈ మాటలు ఆయన ఎన్ని ఇళ్లలో, ఎన్ని చాపల మీద చెప్పాడో. "ఇప్పుడు చేస్తాది. నేను నేర్పలేదు. బోర్డు మీద తన తప్పు లెక్కనే చూసి చూసి, యాడ తప్పిందో తనే పట్టుకున్నాది. ఆ దినం దాని మొగం నువ్వు చూసింటే ఈ మాట అనవు ఆంజనప్పా. రాదు, రాదు అని మనం అంటాము. పిల్లలు పాపం మన మాట మీద గౌరవంతో రానట్టే ఉండిపోతారు."

గడప అవతల పళ్లెం తోముతున్న రత్నమ్మ చెయ్యి ఆగింది.

"నాకు మగ్గం ఎట్ల వచ్చిందో తెలుసునా మీకు? మా నాయన కట్టె పట్టుకుని పక్కన నిలబడినాడు. పోగు తప్పితే ఈపు మీద పడేది."

"మొదటి దినమే వచ్చిందా?"

"యాడొస్తాది? ఈపు చూస్తారా?"

"మొదటి దినం రాలేదు గదా. అయినా మీ నాయన నిన్ను గుంతలోంచి లేపలేదు. కట్టె సంగతి పక్కన పెడదాం. లేపలేదు గదా?"

ఆంజనప్ప నాడె పక్కన పెట్టి మొదటిసారి అయివారి మొహంలోకి చూశాడు. కోపంగా చూస్తాడనుకుంది రత్నమ్మ. కాదు, ఆయనా అలసిపోయే ఉన్నాడు.

"ఒక మాట అడుగుతా సార్. మీ బడిలో తప్పు చేసినోళ్లు లేచి చెప్తే చప్పట్లు కొట్టిస్తారంట, నిజమేనా?"

"నిజమే."

"పలక మీద తప్పయితే తడిచెయ్యి పెట్టి తుడిస్తే పోతాది. చప్పట్లు కొట్టుకోవచ్చు. మగ్గం మీంచి కోసిన చీరలో తప్పు ఎట్ల తుడిచేది? మా ఇంట్లో తప్పు బయటపడితే పస్తు సార్. మీరు దానికి తప్పు చూపెట్టేది నేర్పినారు. అది పోయి సావుకారుకే చూపెట్టింది. ఇప్పుడు చెప్పండి, ఎవురు చప్పట్లు కొడతారు?"

అయివారు గొడుగు పిడిని అటూ ఇటూ తిప్పాడు. రత్నమ్మకు ఆయన మీద జాలి వేసింది, తమ మీదా వేసింది. ఏదైనా చెప్పవయ్యా, చదువుకున్నోడివి గదా, అనుకుంది లోపల.

"నిజమే ఆంజనప్పా," అన్నాడాయన. "తప్పు చూసేది నేర్పినా. యాడ, ఎవురి ముందర చూపాలనేది నేర్పలేదు. నాకూ తోచలేదు. కానీ ఒకటి చెప్తా. కనపడిన తప్పును కనపడలేదు అనమని మాత్రం దానికి నేర్పలేను. అది నాకు చేతగాదు."

లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఈశ్వరి వైపు తిరిగి, "పరీక్ష పొద్దునే తల్లీ," అన్నాడు. బస్సు తప్పిపోతుందేమోనని గబగబా నడిచిపోయాడు.

"పాయె," అంది కుళ్ళాయమ్మ రాట్నంతో. "దానికి రాదంటే రాదంతే. తల్లికి మగ్గం వచ్చిందా, బిడ్డకు చదువు రావడానికి?"

రత్నమ్మకు ఈ మాట కొత్త కాదు. ఆమె పుట్టిల్లు కనగానపల్లి. నేతవాళ్లే గానీ, ఆమె పుట్టకముందే మగ్గం అమ్మేసి సేద్యంలోకి దిగిన ఇల్లు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఒక పూట మగ్గం ముందు కూర్చోబెడితే చేతులు వణికి పోగులు తెంపింది. "ఈమెకు చెయ్యి రాదు," అంది అత్తగారు. తీర్పు అయిపోయింది. అందరూ సరేనన్నారు, రత్నమ్మ కూడా సరేననుకుంది. ఆ తర్వాత మనిషి తక్కువైనప్పుడల్లా అంచు పక్కన కూర్చోబెడుతూనే ఉన్నారు. రాని చేత్తోనే ఇన్నేళ్లూ నాడె తోసింది. ఎక్కడైనా పోగు తప్పితే చెప్పదు. చెబితే అంతవరకూ ఊడదీయాలి, ఊడదీస్తున్నంతసేపూ ఆ పాత మాట మళ్లీ వినాలి. అందుకని పక్క పోగును గోటితో జరిపి, సందును మూసి, మొహం మామూలుగా పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. నేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. దాచడం తనంతట తనే, ఎంతో బాగా నేర్చుకుంది.

విరిగిన రుద్రాక్ష ఎవరిదో నిన్న పిల్ల వేలు పెట్టకముందే ఆమెకు తెలుసు.

పొద్దు వాలుతుండగా పెరట్లో బండ మీద కూర్చోబెట్టుకుని ఈశ్వరికి తల దువ్వింది. పిల్ల వీపు ఆమె మోకాళ్లకు ఆనుకుని ఉంది. దువ్వెన చిక్కు దగ్గర ఆగినా కిమ్మనలేదు.

"నొప్పి పుడతాందా?"

"లేదు."

"నాయన అన్నేసి మాటలంటాంటే, ఆ తప్పు నేను చేయలేదని చెప్పచ్చు గదా."

"నేను చేయలేదంటే, మరి ఎవురు చేసినారని అడుగుతాడు గదమ్మా."

దువ్వెన మళ్లీ చిక్కుకుంది. ఈసారి చిక్కు జుట్టులో లేదు.

"నీకు తెలుసునా?" అంది రత్నమ్మ.

"వేలు పెట్టేటప్పుడు తెల్దు. పెట్టినాక పక్కనే అమావాస్య గీత కనపడె."

అమావాస్య నాడు ఆ ఊళ్లో మగ్గాలు ఆపేస్తారు. ఒక రోజంతా ఆగిన చోట బట్ట మీద వెంట్రుకంత గీత పడుతుంది. కొన్నవాళ్లకు కనిపించదు, నేసిన ఇంట్లోవాళ్లకు కనిపిస్తుంది. ఆ గీత దాటి జానెడు దూరంలో ఉంది తప్పు. అంటే అమావాస్య మరుసటి రోజు పొద్దుటి పని. ఆ పొద్దున అయివారు పిల్లలను పెనుకొండ కోటకు తీసుకుపోయాడు. గోడల ఎత్తు నీడలతో కొలవాలని, కనిపించిందల్లా ఎందుకు, ఎట్లా అని అడగాలని చెప్పి తీసుకుపోయాడు. పంపనన్న ఆంజనప్పను బతిమాలి పంపింది రత్నమ్మే. "దాని బదులు నేను కూకుంటా" అని అంచు పక్కన కూర్చుంది కూడా తనే.

"అందుకే నోరు మూసుకున్నావా?"

"ఊఁ."

"నన్ను తిడతారనా?"

"అది గాదు." ఈశ్వరి తల తిప్పబోయింది. జడ తల్లి చేతిలో ఉంది, తిప్పలేకపోయింది. ఎదురుగా ఉన్న గోడను చూస్తూనే చెప్పింది. "మా అయివారు తప్పు ఎవురిదో పేరు చెప్పడు. వాళ్లంతట వాళ్లు లేచేదాకా కాచుకుంటాడు. మమ్మల్నీ కాచుకోమంటాడు. లేస్తావేమో అని చూస్తి."

రత్నమ్మ జడ అల్లడం ఆపలేదు. ఆపితే చేతులు ఏం చేయాలో ఆమెకు తెలియదు. మొహాన్ని భుజానికి ఒత్తి తుడుచుకుంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ పిల్ల తిట్లన్నీ తింటూ, అంచు పక్కన కూర్చుని, ఆ సంచి వైపు చూడకుండా తన కోసం కాచుకుని ఉంది! కన్నతల్లినై ఉండి, అనుకుంది. ఆ తర్వాత ఏమనుకోవాలో తోచలేదు.

"ఎంతసేపు కాచుకుంటాడు మీ అయివారు?" అంది జడకు ముడి వేస్తూ.

"గంట కొట్టేదాకా."

తెల్లవారింది. ఆంజనప్ప గుంతలోకి దిగాడు. కుళ్ళాయమ్మ రాట్నం ముందు చేరింది. ఈశ్వరి స్నానం చేసి, ఉతికిన పావడా కట్టుకుని, ఎవరూ చెప్పకుండానే వెళ్లి అంచు పక్కన కూర్చుంది. ఉతికిన పావడా ఎందుకు కట్టుకున్నావని ఎవరూ అడగలేదు.

వీధిలో పిల్లలు పరుగెడుతున్న చప్పుడు. పరీక్షకు పోయేవాళ్లు కాబోలు, ఎక్కాలు గట్టిగా అనుకుంటూ పోతున్నారు.

బడి దగ్గర వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద మొదటి దెబ్బ పడింది. ఆ గంట ఊళ్లో సగానికి వినిపిస్తుంది, పిల్లలంతా చేరేదాకా ఆగి ఆగి కొడుతూనే ఉంటారు.

రత్నమ్మ చేతిలో ఉన్న చెంబు కింద పెట్టింది. చెక్కపెట్టె మూత తీసింది.

"దాన్ని ఏంటికి తీస్తాండావు?" అన్నాడు ఆంజనప్ప. "ఇంగ చూసేదేముంది దాంట్లో?"

ఆమె చీర తెచ్చి గుంత ముందు నేల మీద పరిచింది. మడతలు విప్పి, అంచును ఆయన వైపు తిప్పింది.

"ఈ గీత చూడు."

"ఏం గీత?"

"అమావాస్య గీత. మరుసటి దినం పొద్దున ఈశ్వరి ఈడ లేదు. పెనుకొండకు పోయింది. అంచు పక్కన కూకున్నది నేను." ఊపిరి తీసుకుంది. "ఆ తప్పు నాది. పోగు పడలేదని అప్పుడే చూసినా. చెప్తే ఊడదీయాల్సి వస్తాదని, తిడతావని, పక్క పోగు జరిపి మూసినా."

రాట్నం ఆగింది. "నేను ఆ కాలంలోనే చెప్తి," అంది కుళ్ళాయమ్మ. ఈసారి రాట్నంతో కాదు, నేరుగా కోడలితోనే. "నీకు చెయ్యి రాదని చెప్తి."

"చెప్పినావత్తా. నువ్వు చెప్పినావని నేనూ నమ్మితి. నేర్పమని నేను అడగలేదు, నేర్చుకోమని మీరు అనలేదు. రాని చేత్తోనే ఇన్నేండ్లు తోస్తి."

ఇంత పొడుగు మాట ఆమె ఆ ఇంట్లో ఎప్పుడూ ఆడలేదు. ఆడాక చీర పక్కనే నేల మీద కూర్చుంది.

ఆంజనప్ప గుంతలోంచి పైకి వచ్చాడు. చేతులు పంచెకు తుడుచుకుని చీర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గీత మీద వేలు పెట్టాడు. జానెడు దూరం జరిపి విరిగిన రుద్రాక్ష మీద ఆపాడు. అరుస్తాడని రత్నమ్మ కళ్లు మూసుకుంది. అరుపు రాలేదు. ఆయన కూతురి వైపు ఒకసారి చూశాడు. రెండు రోజులుగా అన్న మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటున్నట్టు చూశాడు.

"లేయి," అన్నాడు ఈశ్వరితో. "సంచి తీసుకో."

పిల్ల లేచి మేకు మీది సంచి తీసుకుంది. గంట ఇంకా మోగుతోంది.

ఆంజనప్ప వేలు మాత్రం అక్కడ ఆగలేదు. రుద్రాక్షల వరస వెంట మెల్లగా ముందుకు పోయింది. ఒకచోట నిలిచింది. గోటితో పోగును కొంచెం పక్కకు జరిపాడు. దాని కింద సన్నని సందు కనిపించింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత పెట్టె వైపు చూశాడు, మగ్గం మీద చుట్టిన కొత్త బట్ట వైపు చూశాడు, ఇన్నేళ్లుగా ఈ గడప దాటిపోయిన చీరలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుకుతున్నట్టు వీధి వైపు చూశాడు.

"ఇంగెన్ని ఉండాయి?" అన్నాడు.

రత్నమ్మ తల ఎత్తింది. బడి దగ్గర గంట ఆగిపోయింది. ఈశ్వరి సంచి భుజాన వేసుకుని గడపలోనే నిలబడిపోయింది. వీధి వైపు చూడలేదు. అమ్మ మొహమే చూస్తూ కాచుకుని ఉంది.